బండి నాది, అప్పు నాది, మర్యాద మాత్రం పార్టీ దయా?

లారీ ఫీల్డులో సరుకు వేసేవాళ్లని కస్టమర్ అని ఎవరూ అనరు, ‘పార్టీ’ అంటారు. లోడింగ్ పార్టీ, అన్‌లోడింగ్ పార్టీ, మంచి పార్టీ, తేడా పార్టీ. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తా చీటీ రాసిస్తూ "పార్టీ కొంచెం తేడా, చూసుకో" అన్నాడంటే ఆ ట్రిప్పులో కిరాయి కోతో, రెండు రోజుల పడిగాపులో, నాలుగు మాటలు పడటమో ఖాయం. ఇలాంటి పార్టీలతో ఎలా మెలగాలో చెప్పే సలహాలకు కొదవ లేదు. నవ్వుతూ మాట్లాడు, మాటకు మాట అనకు, కస్టమర్ దేవుడు. పొలిటికల్ సైన్స్‌లో ఎం.ఏ. చేసి, 2015 నుంచి సొంతంగా పది టైర్ల లారీ నడుపుతున్న దళితుడిగా ఈ సలహాల మీద నాకొక అభ్యంతరం ఉంది. ఇవి సమస్యని మనుషుల స్వభావంలో వెతుకుతాయి. ఎవరు ఎవరితో ‘తేడా’గా ఉండొచ్చో మన దేశంలో కులం చాలా ముందే నిర్ణయించి పెట్టింది. మా బండ్ల మీద మాకున్న అభిమానాన్ని కూడా అక్కడి నుంచే అర్థం చేసుకోవాలి.

బాబాసాహెబ్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాసుకున్న రెండు ప్రయాణాలను క్లాసులో ఒకలా చదివాను. స్టీరింగ్ పట్టాక అవే పేజీలు ఇంకోలా అర్థమయ్యాయి. 1901లో పదేళ్ల భీమ్ తన అన్నతో, అక్క పిల్లలతో కలిసి తండ్రి పనిచేస్తున్న గోరేగావ్‌కి బయలుదేరి మసూర్ స్టేషన్‌లో దిగాడు. ఒంటి మీద మంచి బట్టలున్నాయి, చేతిలో డబ్బుంది, కిరాయికి ఎద్దుబళ్లూ ఉన్నాయి. మహర్ల పిల్లలని తెలిశాక ఒక్క బండివాడూ ఎక్కించుకోనన్నాడు. చివరికి రెట్టింపు కిరాయికి బేరం కుదిరింది. షరతు ఏమిటంటే బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడిచి వస్తాడు. దారిలో టోలు వసూలు చేసే గుడిసె దగ్గర నీళ్లడిగితే అవి కూడా దొరకలేదు.

రెండోది 1929లో. అప్పటికి ఆయన విదేశాల్లో డాక్టరేట్లు తెచ్చుకున్నారు, బారిస్టరు, బొంబాయి శాసనమండలి సభ్యుడు. అంటరానివాళ్ల కష్టాలు విచారించడానికి ప్రభుత్వం వేసిన కమిటీలో ఉన్నారు. చాళీస్‌గావ్‌లో దిగితే మహర్‌ని ఎక్కించుకుని తోలడానికి టాంగావాళ్లు ఒప్పుకోలేదు. వాడవాళ్లు టాంగాని మాత్రం అద్దెకు తీసుకుని, తోలడం రాని తమ మనిషినే కూర్చోబెట్టారు. వంతెన దగ్గర టాంగా అదుపు తప్పింది. బాబాసాహెబ్ రాళ్ల మీద పడ్డారు, కాలు విరిగింది.

ఈ రెండు చోట్లా కిరాయి ఇచ్చే కస్టమర్ ఆయనే. మరి కస్టమర్ దేవుడన్న మాట ఎటు పోయింది? అంటరానివాడు కస్టమర్ అయితే బండివాడిది పైచేయి. అదే అంటరానివాడు బండివాడైతే కస్టమర్‌ది పైచేయి. డబ్బు ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి మర్యాద నడవాలని అర్థశాస్త్రం పుస్తకాలు చెబుతాయి. రోడ్డు మీద అలా నడవదు.

ఇక నా బండి గురించి. మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోశాడు. వందల లారీలకు సరుకెక్కించాడు, ఎండకి వాటి నీడన పడుకున్నాడు, క్యాబిన్‌లో కూర్చున్నది మాత్రం నా బండిలోనే. ఛాసీ తెచ్చి విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించాను. పెయింటరు ఏం రాయమంటావన్నా అని అడిగితే, ముందు అద్దం పైన నీలం మీద తెల్లటి అక్షరాలతో ‘జై భీమ్’ రాయించి, పక్కన బాబాసాహెబ్ బొమ్మ వేయించాను. బాడీ వెనకాల మా అమ్మ పేరు. టైర్లకు గాలి, గ్రీజు, ఇంజిన్ ఆయిలు నా చేత్తోనే చూసుకుంటాను. వారానికోసారి బండిని కడిగి తుడిచి, బొమ్మ మీద దుమ్ము లేకుండా చూస్తాను. దీన్ని లారీ పిచ్చి అని నవ్వేవాళ్లున్నారు. మోసే భుజం నుంచి నడిపే చేతి దాకా రావడానికి మా ఇంట్లో ఒక తరం పట్టిందని వాళ్లకి తెలియదు.

హైవే పక్కన ఏ డాబా దగ్గరైనా గంటసేపు కూర్చుని వెళ్లే లారీల్ని చూడండి. దేవుళ్లు, హీరోలు, నాయకులు, ఊరి పేరు, ఇంటిపేరు, కులం తోకలు, ‘ఫలానా వారి ఆశీస్సులతో’ అన్న రాతలు. ప్రతి బండీ తనెవరిదో చెప్పుకుంటూనే పోతుంది. వాటిని ఎవరూ రాజకీయం అనరు. నా బండి మీద ఒక్క బొమ్మ ఉంటే మాత్రం అది ‘కులం రెచ్చగొట్టడం’ అవుతుంది.

తేడా పార్టీల పద్ధతులు బయటివాళ్లకి తెలియవు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మొదటిది బరువు. 2018లో కేంద్రం పది టైర్ల లారీ మొత్తం బరువు పరిమితిని 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. దాని మీద ఇంకో యాభై బస్తాలు వేసుకోమంటాడు పార్టీ. పట్టుబడితే 2019 సవరణ తర్వాత జరిమానా 20 వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2 వేలు. నడిపినవాడితో పాటు నడిపించినవాడూ బాధ్యుడేనని మోటారు వాహనాల చట్టంలో ఉంది. కానీ చెక్‌పోస్టు దగ్గర నిలబడేది మేమే, పార్టీ ఏసీ గదిలో ఉంటాడు. రెండోది షార్టేజీ. దిగేచోట కాటాకి, ఎక్కినచోట కాటాకి తేడా చూపించి కిరాయిలో కోస్తారు. మూడోది హాల్టింగ్. అన్‌లోడ్ చేయకుండా రెండు రోజులు గేటు బయట నిలబెట్టి, ఆ రోజులకు డబ్బులడిగితే విననట్టే ఉంటారు. కిస్తీ తేదీ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. నాలుగోది బాకీ. అడ్వాన్సు పోను మిగిలిన కిరాయి, సంతకం పెట్టిన రసీదు తెచ్చాక ఇస్తామంటారు. రసీదు తెస్తే వచ్చే వారం అంటారు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. ఇవన్నీ అన్ని కులాల డ్రైవర్లూ పడేవే కదా, ఇందులో కులం ఎక్కడుంది? నిజమే, సగం మాట ఒప్పుకుంటాను. గేటు బయట దోమల మధ్య పడుకునేవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. ఈ పనికి మొత్తంగానే విలువ లేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలే పని అని రాసింది, కానీ 2025 దాకా అమల్లో ఉన్న ఆ చట్టం ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థలకే వర్తించేది. ఒక్క బండివాడికి గంటల లెక్క ఎవరు చూస్తారు? లారీ క్యాబిన్‌లో ఏసీ ఉండాలన్న నిబంధన కూడా 2025 అక్టోబరు తర్వాత తయారైన బండ్లకే వచ్చింది. ఇదంతా అందరి కష్టం.

తేడా ఎక్కడ మొదలవుతుందంటే, తగాదా వచ్చినప్పుడు. అందరికీ షార్టేజీ కోస్తారు. ఒకడు తన యూనియన్ నాయకుడికి ఫోన్ చేస్తే, ఆ నాయకుడికీ మిల్లు ఓనరుకీ చుట్టరికం కలుస్తుంది, కోత సగమవుతుంది. ఇంకొకడు ఫోన్ చేయడానికి ఆ వరసలో ఎవరూ ఉండరు. కోస్తాలో ఆ చుట్టరికానికి ఒక వాడుక మాట ఉంది: ‘మనోళ్లేనా?’ ఏ ఊరు, ఇంటిపేరేంటి, ఊళ్లో ఎటువైపు అని మొదలై ఈ ప్రశ్న దగ్గరికొస్తుంది. లోడ్ దొరకాలన్నా, బాకీ వసూలవ్వాలన్నా దీనికిచ్చే జవాబు మీద చాలా ఆధారపడి ఉంటుంది.

నా బండిని చూశాక ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగరు. అడిగే అవసరం బొమ్మ తీర్చేస్తుంది. ఒక మిల్లులో ఫోన్లో "అన్నా, ఎక్కడిదాకా వచ్చారు" అని నాలుగుసార్లు అడిగిన గుమాస్తా, బండి గేటులోకి రాగానే "ఏంటయ్యా, ఇప్పుడా రావడం" అన్నాడు. బయలుదేరినప్పటి నుంచి నేను ఆలస్యం చేసింది లేదు. మారింది నా కులం గురించి అతనికి తెలిసిన సంగతి ఒక్కటే. తర్వాత దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు: "నాకేం పట్టింపు లేదబ్బాయ్. మా ఓనరు చూస్తే బాగోదు. లోడయ్యేదాకా ఆ బొమ్మ మీద గోనె కప్పు." నేను గొంతు పెంచలేదు. "గోనె కప్పను సార్, బండి తీసుకెళ్తాను" అన్నాను. ఖాళీ బండి వెనక్కి తిప్పుకొచ్చాను. లోడు లేకపోయినా డీజిల్ కాలుతుంది, రెండు రోజుల సంపాదన పోయింది. ఆ నెల కిస్తీకి తోటి డ్రైవరు దగ్గర చేబదులు తీసుకున్నాను.

అతని మాటల్లో కులం పేరు లేదు, తిట్టు లేదు. పైగా సానుభూతి కూడా ఉంది. ఈ కాలపు వివక్ష ఎక్కువగా ఇలాగే మాట్లాడుతుంది. తనకి పట్టింపు లేదంటుంది, పట్టింపు ఉన్న ఇంకెవరినో చూపిస్తుంది, ఆ ఇంకెవరో ఎప్పుడూ గదిలో ఉండడు.

చట్టం చదివిన తమ్ముళ్లు కేసు పెట్టొచ్చు కదా అంటారు. పెట్టొచ్చు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో వచ్చిన సవరణ, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. వృత్తి, వ్యాపారం చేసుకోకుండా అడ్డుకోవడం, సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించడం నేరాలని అందులో ఉంది. మేం గౌరవించే విగ్రహాన్ని, ఫోటోని, చిత్రపటాన్ని పాడుచేసినా, అపవిత్రం చేసినా నేరమే. అయితే కప్పమని అడగడం పాడుచేయడం కిందికి వస్తుందా? లోడ్ ఇవ్వకపోవడం బహిష్కరణ అని రుజువు చేయడం ఎలా? "వేరే బండి ముందొచ్చింది" అంటే సరిపోతుంది కదా? కులం పేరుతో తిట్టినా అది జనం కంటపడే చోట జరిగి ఉండాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు జరిగిన తిట్టు ఆ సెక్షన్ కిందికి రాదని సుప్రీంకోర్టు 2020లో హితేశ్ వర్మ కేసులో చెప్పింది. మా తగాదాలన్నీ జరిగేది గోడౌన్ ఆఫీసు గదిలో. అక్కడుండేది పార్టీ, అతని మనుషులు, నేను. పైగా నా బాకీ ఇంకా అతని దగ్గరే ఉంటుంది.

అందుకే నాకంటూ కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. ఎక్కినచోటా దిగినచోటా కాటా చీటీ నా చేతికి రాకుండా బండి కదలదు. బస్తాల లెక్క నేనూ క్లీనరూ వేరువేరుగా వేస్తాం. పట్టా కట్టాక, విప్పేముందు ఫోటో తీస్తాను. గేటు దగ్గరికి చేరిన టైము వాళ్ల రిజిస్టరులో రాయించి దాన్నీ ఫోటో తీస్తాను. హాల్టింగ్ రోజుకు ఎంతో ముందే మెసేజ్‌లో రాయించుకుంటాను. అందరినీ ‘మీరు’ అనే అంటాను. నన్ను ఏకవచనంలో పిలిచిన పాతికేళ్ల కుర్రాడికి కూడా "చెప్పండి" అనే జవాబిస్తాను. అది వినయం అని అతననుకోవచ్చు. మా ఇద్దరి మధ్య గీత గీయడానికే ఆ ‘మీరు’ వాడతాను. దొరా అనను, బాబుగారూ అనను. పేరు పక్కన గారు చేర్చి పిలుస్తాను, అంతే.

ఆర్లీ హోక్షీల్డ్ అనే సామాజికవేత్త 1983లో విమానాల్లో పనిచేసే ఉద్యోగినుల మీద పుస్తకం రాస్తూ, జీతం కోసం నవ్వు ముఖం పెట్టుకోవడం కూడా శ్రమేనని చూపించారు. మన యూనివర్సిటీల్లో ఆ భావన బాగా వాడుతున్నారు, సంతోషం. ఒక సంగతి దానికి కలపాలి. మా దగ్గర ఆ శ్రమ డ్యూటీ ఎక్కాక మొదలవదు. ఊళ్లో పెరుగుతున్నప్పుడే చెప్పు ఎక్కడ విప్పాలో, ఎవరి ముందు గొంతు ఎంత తగ్గించాలో నేర్పించి పంపారు. ‘కస్టమర్‌తో ఓపికగా ఉండండి’ అని చెప్పే శిక్షకుడికి మా ఓపిక ఎన్ని తరాలదో తెలియదు. మేం నేర్చుకోవాల్సింది కాదనడం.

బండి నాకిచ్చింది అదే. 1991 ఆగస్టు 6 హత్యాకాండకు ముందు చుండూరు దళితుల మీద సాంఘిక బహిష్కరణ అమలైంది. పనికి పిలవకపోవడం అందులో ఒక ఆయుధం. ఊళ్లో పని ఒకే గుంపు చేతిలో ఉన్నప్పుడు ఆ ఆయుధానికి పదునెక్కువ. లారీ ఉంటే ఈ మిల్లు కాకపోతే కాకినాడ రేవుకి బియ్యం, అది కాకపోతే పల్నాడు సిమెంటు, అదీ కాకపోతే మిర్చి. ఒక పార్టీని కాదని ఇంకో జిల్లాకి పోగలను. లోడ్ వదులుకుని రాగలిగిన ఆ రోజు నష్టపోయాను గానీ, మా నాన్నకి ఆ నష్టపోయే అవకాశం కూడా లేదు. బండి మీద మా అభిమానంలో ఇనుము, రంగు, హారన్ మోత కంటే ఈ వీలే ఎక్కువ.

ఈ వీలు ఎంత సన్ననిదో కూడా చెప్పాలి. ఆఖరి కిస్తీ కట్టేదాకా ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటుంది. రెండు కిస్తీలు తప్పితే మూడో నెల బండి ఎత్తుకెళ్లే మనుషులు రోడ్డు మీద కాపు కాస్తారు. ‘దళిత పెట్టుబడిదారుడు’ అని నన్నెవరైనా పిలిస్తే నవ్వొస్తుంది. ఇండియాలో 2005 ఆర్థిక గణన లెక్కల్ని విశ్లేషించిన ఒక అధ్యయనం 2013లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వచ్చింది. జనాభాలో 16.4 శాతం ఉన్న ఎస్సీల చేతిలో ఉన్న సంస్థలు 9.8 శాతమేనని అందులో ఉంది. ఆ కొద్దిపాటి సంస్థలు కూడా చిన్నవే, ఎక్కువగా ఇంటి మనుషులతో నడిచేవే.

ప్రభుత్వాలు దీనికిచ్చిన జవాబు బండ్లు పంచడం. తెలంగాణలో 2021లో దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షలు ఇస్తే చాలామంది కార్లు, ట్రాక్టర్లు, సరుకు రవాణా బండ్లు కొనుక్కున్నారు. అప్పు కాకుండా నేరుగా డబ్బివ్వడం మంచి విషయమే, దాన్ని తక్కువ చేయను. కానీ బండి చేతికొచ్చిన మర్నాడు దానికి లోడ్ ఎవరిస్తారన్న ప్రశ్న పథకంలో లేదు. లోడ్లు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో, బ్రోకర్ల ఫోన్లలో, ‘మనోళ్ల’ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. ఆ గ్రూపుల్లో చోటు ఏ పథకమూ ఇవ్వదు. బండి నిలబడిపోతే ‘వీళ్లకి ఇచ్చినా నిలబెట్టుకోలేరు’ అన్న మాట సిద్ధంగా ఉంటుంది.

చేయగలిగినవి ఉన్నాయి. 2012 నాటి ప్రభుత్వ కొనుగోళ్ల విధానంలో ఎస్సీ, ఎస్టీల సూక్ష్మ, చిన్న సంస్థలకు 4 శాతం కేటాయింపు ఉంది. అది కేంద్ర శాఖలకు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు వర్తిస్తుంది. రాష్ట్రాలు కూడా ధాన్యం, రేషన్ బియ్యం, ఎరువుల రవాణా కాంట్రాక్టుల్లో ఒక్క బండివాళ్లకి, వాళ్ల సహకార సంఘాలకి ఇలాంటి వాటా పెట్టొచ్చు. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం చిన్న సంస్థకి బాకీ 45 రోజుల్లోపు తీర్చాలి, లేకపోతే బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంటే లారీవాడు కూడా ఆ చట్టం కింద అడగొచ్చు. ఇది మా డ్రైవర్లలో నూటికి ఒకరికి కూడా తెలుసనుకోను. లా చదువుతున్నవాళ్లు ఒక ఆదివారం ఆటోనగర్‌కి వచ్చి ఆ దరఖాస్తు ఎలా నింపాలో చూపిస్తే, అది ఒక సెమినార్ పేపరు కంటే తక్కువ పనేమీ కాదు.

పరిశోధన చేసేవాళ్లకి ఒక విన్నపం. దళితుల వృత్తుల మీద రాసేటప్పుడు చర్మం, చీపురు, పొలం దగ్గరే ఆగిపోకండి. లోడ్ ఎవరి నుంచి ఎవరికి ఎలా పోతుందో, ఒకే దూరానికి, ఒకే బరువుకి కిరాయి ఏ బండికి ఎంత కోస్తున్నారో, ఏ బండి గేటు బయట ఎన్ని గంటలు నిలబడిందో లెక్కలు తీయండి. వేరువేరు ఇంటిపేర్లతో ఉద్యోగ దరఖాస్తులు పంపి వివక్షని కొలిచిన పద్ధతి మనకి ముందే ఉంది. దాన్ని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు దాకా తీసుకురండి. గేటు రిజిస్టర్ల ఫోటోలు, కాటా చీటీలు మా దగ్గర పెట్టెల కొద్దీ ఉన్నాయి.

మనలో మనం మాట్లాడుకోవాల్సింది కూడా ఒకటుంది. బండి మీద అభిమానం మెల్లగా ఓనరు అహంకారంగా మారగలదు. పార్టీ నన్ను ‘ఏరా’ అంటే బాధపడి, నేను క్లీనర్ని ‘ఒరేయ్’ అంటే ఆ బాధ అబద్ధం. కులం అనేది శ్రామికుల మధ్యే మెట్లు కట్టిందని బాబాసాహెబ్ చెప్పిన మాట లారీ క్యాబిన్‌కి కూడా వర్తిస్తుంది. మా బండిలో క్లీనరు కుర్రాడికి జీతం నెల మొదటి వారంలో అందుతుంది, వంతుల ప్రకారం పై బెర్తు అతనిదే, లైసెన్సు తెచ్చుకోవడానికి నేర్పే బాధ్యత నాది. మర్యాద ఇలాగే ఉండాలని పార్టీని అడిగే హక్కు నాకు ఇక్కడి నుంచి వస్తుంది.

కొందరు శ్రేయోభిలాషులు, మనవాళ్లే, ఇప్పటికీ అంటుంటారు: బొమ్మ ఇంట్లో పెట్టుకో, బండి మీద వద్దు, వ్యాపారం వేరు, ఉద్యమం వేరు. వాళ్ల భయం నాకు తెలుసు, దాన్ని తప్పుపట్టను. పిల్లల ఫీజులు కట్టాల్సినవాడు బొమ్మ తీసేస్తే అతన్ని పిరికివాడనే హక్కు ఎవరికీ లేదు. నా మట్టుకు నేను లెక్క వేసుకున్నాను. బొమ్మ వల్ల ఏడాదికి కొన్ని లోడ్లు పోతాయి. బొమ్మ చూసి రోడ్డు పక్కన ఆపి, జాకీ ఇచ్చి, టైరు మార్చడానికి చేయి వేసిన తెలియని డ్రైవర్లు నాగపూర్ దాకా ఉన్నారు. బొమ్మ తీసేస్తే పోయిన లోడ్లు తిరిగొస్తాయేమో గానీ, అప్పుడు ప్రతి గేటు దగ్గరా ‘మనోళ్లేనా’ అన్న ప్రశ్నకి అబద్ధం చెప్పుకుంటూ తిరగాలి. 1901లో ఆ పిల్లలు కూడా టోలు గుడిసె దగ్గర గుక్కెడు నీళ్ల కోసం ముస్లింలమని చెప్పాల్సి వచ్చింది. అయినా నీళ్లు పుట్టలేదు.

వచ్చే నెల బండికి ఫిట్‌నెస్ ఉంది. రంగు వేయించాలి. ఆ బొమ్మ మళ్లీ వేయిస్తాను, ఈసారి కొంచెం పెద్దదిగా. జై భీమ్.